మందు ఒకరిది, పరికరం మరొకరిది: భాగస్వామిని ఎంచుకునే ముందు ఏం చూడాలి?

సీసాలోమందు రాశారు:

అందరికీ నమస్కారం. మేము నలుగురం కలిసి పెట్టుకున్న చిన్న సంస్థలో ఒక ప్రోటీన్ మందు తయారై, తొలి దశ క్లినికల్ పరీక్షలు దాటింది. ఇప్పటివరకు దానిని చిన్న గాజు సీసాలో నింపి, నర్సు చేత సిరంజిలోకి తీయించి, చర్మం కింద ఇప్పిస్తూ వచ్చాము. రోగి రెండు వారాలకొకసారి ఇంట్లోనే తనంతట తాను వేసుకోగలగాలన్నది మా కోరిక కాబట్టి, మందు నింపిన సిరంజిని లోపల అమర్చి, చర్మానికి ఆనించి నొక్కితే స్ప్రింగు బలంతో మందును తానే ఎక్కించే ఆటో ఇంజెక్టర్ కావాలి. అది మాకు చేతనైన పని కాదు. మాలో ముగ్గురు రసాయన, జీవశాస్త్రాలవాళ్లు. నాలుగోవారు లెక్కలు చూసేవారు.

మూడు సంస్థలు ముందుకు వచ్చాయి. మొదటిది పెద్దది. ఇప్పటికే వాడుకలో ఉన్న తమ ఇంజెక్టర్‌ను మా మందుకు తగినట్టు సర్దుతామంటున్నది, కానీ వాళ్ల ఖాతాదారుల జాబితాలో మేము అట్టడుగున ఉంటామని మాకు తెలుసు. రెండోది పదిహేనుమంది ఇంజనీర్ల బృందం. మా కోసమే కొత్తగా డిజైన్ చేస్తామని ఉత్సాహపడుతున్నారు. మూడోది మందులు అమ్మే సంస్థ. పరికరం సంగతి తానే చూసుకుంటానని, అభివృద్ధి ఖర్చంతా భరిస్తానని, బదులుగా ప్రపంచమంతటా అమ్మకపు హక్కులు తనకొక్కదానికే ఇవ్వాలని అడుగుతున్నది. మాలో ఇద్దరు మూడోదాని వైపే మొగ్గుతున్నారు. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు, ఎందుకో సరిగా చెప్పలేకపోతున్నాను. ఈ రంగంలో పనిచేసినవారు ఏం చూసి ఎంచుకున్నారో, ఏం చూడక దెబ్బతిన్నారో చెప్పగలరా?

దస్త్రాలగది రాశారు:

సీసాలోమందు గారూ, పరికరాన్ని చివర్లో తొడిగే అట్టపెట్టెలాగా చూసే అలవాటు మందుల వైపు నుంచి వచ్చినవారందరిలోనూ ఉంటుంది. నేనూ అలాగే మొదలుపెట్టి, నియంత్రణ సంస్థ నుంచి మొదటి ప్రశ్నల జాబితా వచ్చిన రోజున కళ్లు తెరిచాను.

అమెరికా నిబంధనల ప్రకారం మందు, పరికరం, జీవసంబంధ ఉత్పత్తి అనే మూడు రకాలలో కనీసం రెండు కలిస్తే అది కాంబినేషన్ ప్రొడక్ట్. అవి ఒకే వస్తువుగా కలిసిపోయి ఉండవచ్చు, ఒకే పెట్టెలో విడివిడిగా ఉండవచ్చు, లేదా వేర్వేరుగా అమ్ముడవుతూ ఒకదానితో మరొకదానినే వాడాలని లేబుల్ మీద రాసుకున్నవి కావచ్చు. అక్కడి మందుల, పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో ఏ విభాగం పెద్దరికం వహించాలన్నది ఆ ఉత్పత్తి ప్రధానంగా దేనివల్ల పనిచేస్తుందన్న దానిమీద తేలుతుంది. 2003లో అక్కడ ఆమోదం పొందిన సైఫర్ స్టెంటు సిరోలిమస్ అనే మందును వదులుతుంది; అయినా రక్తనాళాన్ని తెరిచి నిలబెట్టడమే దాని ముఖ్యమైన పని కాబట్టి పరికరాల విభాగం చూసింది. మీ దానిలో రోగం తగ్గించేది ప్రోటీన్ కనుక మందుల వైపే పోతుంది. తేలని సందర్భాలలో ముందుగానే లిఖితపూర్వకంగా అడగవచ్చు. అర్జీ స్వీకరించిన 60 రోజుల్లో జవాబు రాకపోతే, అడిగినవారు సూచించిన విభాగమే ఖాయమవుతుంది.

మందుల విభాగం చూస్తుంది కదా అని పరికరం ప్రశ్నలు తప్పిపోవు. 2013లో వచ్చిన తయారీ నిబంధన ప్రకారం, మందుల పద్ధతిలో నడిచే సంస్థ కూడా డిజైన్ నియంత్రణ, కొనుగోళ్ల నియంత్రణ, దిద్దుబాటు చర్యలు వంటి పరికరాల వైపు బాధ్యతలను పాటిస్తున్నట్టు చూపించాలి. యూరోపు చట్టంలో ఈ పేరుతో ప్రత్యేక తరగతే లేదు. అక్కడ మీ ఇంజెక్టర్ మొత్తంగా మందు కిందికే వస్తుంది, కానీ 2021 మే 26 నుంచి, పరికర భాగానికి విడిగా యూరోపు పరికరాల ఆమోదమైన సీఈ ధ్రువీకరణ లేనప్పుడు, దానిమీద నోటిఫైడ్ బాడీ, అంటే పరికరాలను పరిశీలించే అధీకృత సంస్థ, అభిప్రాయాన్ని దరఖాస్తుకు జతచేయవలసి ఉంటుంది.

ఇక భాగస్వామి సంగతి. పరికరం చేసేవారు తమ రహస్యాలు మీకు చూపించకుండా, వాటిని నేరుగా ఎఫ్‌డీఏ వద్ద మాస్టర్ ఫైలుగా దాఖలు చేసి, మీ దరఖాస్తు కోసం ఆ ఫైలు చూడవచ్చని ఒక అనుమతి లేఖ ఇస్తారు. ఇది మామూలే. కానీ పరికరానికి సంబంధించినంత వరకు మీ దరఖాస్తు ఆ ఒక్క కాగితం మీద నిలబడి ఉంటుంది. ఒప్పందం రద్దయిన మరునాడు ఆ లేఖ ఏమవుతుందని ముగ్గురినీ అడిగి చూడండి. ఎవరు తడుముకుంటారో గమనించండి.

స్ప్రింగు_లెక్క రాశారు:

నేను పదకొండేళ్లుగా ఇంజెక్టర్లు డిజైన్ చేస్తున్నాను కాబట్టి పరికరం పక్షాన మాట్లాడతాను. మీ వివరాలలో నాకు కావలసినది ఒక్కటీ లేదు. మోతాదు ఎన్ని మిల్లీలీటర్లు? మందు చిక్కదనం ఎంత? ఆ కొలత ఏ ఉష్ణోగ్రత వద్ద తీసుకున్నారు?

ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. రోగికి నొప్పి తెలియకూడదని సన్న సూది కావాలంటారు. సూది లోపలి రంధ్రం వ్యాసం సగమైతే, అదే ద్రవాన్ని అదే వేగంతో నెట్టడానికి కావలసిన ఒత్తిడి 16 రెట్లు అవుతుంది. ఆ ఒత్తిడి స్ప్రింగు నుంచే రావాలి. బలమైన స్ప్రింగు పెడితే అది విడుదలైన క్షణంలో గాజు సిరంజి అంచు మీద సుత్తి దెబ్బలాంటిది పడుతుంది, కొన్ని పగులుతాయి. బలహీనమైనది పెడితే ఇంజెక్షన్ సాగదీసి సాగదీసి, రోగి అయిపోయిందనుకుని మధ్యలోనే తీసేస్తాడు. ప్రోటీన్ గాఢత పెంచితే మోతాదు పరిమాణం తగ్గుతుందని మీవాళ్లు సంతోషిస్తారు, కానీ గాఢత ఒక స్థాయి దాటాక చిక్కదనం దానికి మించి ఎగబాకుతుంది.

అంతటితో అయిపోదు. సిరంజిలో మందును నెట్టే ప్లంజర్ రబ్బరు జారడానికి గాజు లోపలి గోడకు సిలికాన్ నూనె పూస్తారు. ఆ నూనె తక్కువైతే రబ్బరు పట్టేస్తుంది. ఎక్కువైతే చిన్న బొట్లుగా మందులోకి వస్తుంది, వాటి చుట్టూ ప్రోటీన్ గుమిగూడవచ్చు. నెలల తరబడి నిల్వ ఉన్న సిరంజిలో రబ్బరు ఆనుకున్న చోట నూనె పక్కకు తప్పుకుంటుంది, కాబట్టి నింపిన వారానికి చక్కగా కదిలిన ప్లంజర్ రెండేళ్ల తరువాత మొదటి నెట్టుకు మొరాయించవచ్చు. సూదిని అతికించే ముందు గాజుకు రంధ్రం చేయడానికి వాడే టంగ్‌స్టన్ పిన్ను వదిలిన సూక్ష్మ అవశేషం కూడా కొన్ని ప్రోటీన్లను ముద్దలు కట్టిస్తుంది.

పైన చెప్పినవాటిలో ఏ ఒక్కటీ మందువాళ్లు ఒంటరిగా పరిష్కరించగలిగినది కాదు, పరికరంవాళ్లు ఒంటరిగా పరిష్కరించగలిగినదీ కాదు. కాబట్టి మొదటి సమావేశంలోనే మీ మందు చిక్కదనం అడగని సంస్థతో రెండో సమావేశం అనవసరమని నా అభిప్రాయం.

సీసాలోమందు రాశారు:

మోతాదు 1 మిల్లీలీటరు. గది ఉష్ణోగ్రత వద్ద చిక్కదనం 12 సెంటీపాయిజ్. మందును 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచుతాము, కానీ ఆ చలిలో ఎప్పుడూ కొలవలేదు. సిగ్గుగానే ఉంది. మొదటి సంస్థవారు అడిగారు, రెండోవారు అడిగారు. మూడోవారు అడగలేదు, వాళ్ల తరఫున వచ్చినవారు అందరూ అమ్మకాలు, ఒప్పందాల విభాగాలవారే.

స్ప్రింగు_లెక్క రాశారు:

5 డిగ్రీల వద్ద కొలవండి. వాడే ముందు అరగంట బయట పెట్టమని కాగితం మీద రాస్తారు, తొందరలో ఉన్న మనిషి తీసినది తీసినట్టే పొడుచుకుంటాడు. పరికరం ఆ మనిషి చేతిలో కూడా పనిచేయాలి.

రెండోసారి రాశారు:

నా పేరులోనే ఉంది కదా, ఇది నాకు రెండో సంస్థ. మొదటిది ఎలా పోయిందో చెబుతాను, ఎవరి పేర్లూ చెప్పను.

మా మందు, వాళ్ల ఇంజెక్టర్. ఒప్పందం మీద సంతకాలై ఏడు నెలలు దాటింది. ఒక ఉదయం వాళ్ల ప్రయోగశాలలో ఫ్రిజ్ నుంచి పన్నెండు ఇంజెక్టర్లు తీసి, బల్లమీద వరుసగా పేర్చి, ఒక్కొక్కటే తూకం మీద పెట్టిన చిన్న గ్లాసులోకి పేల్చి చూస్తున్నాము. తొమ్మిదోది సగం దాటాక ఆగిపోయింది. అద్దం కిటికీలోంచి చూస్తే ప్లంజర్ నిలబడిపోయి, దాని ముందు ఇంకా మందు కనబడుతున్నది. గదిలో అయిదుగురం ఉన్నాము, ఎవరూ మాట్లాడలేదు. వాళ్ల ఇంజనీరు దానిని తీసి చేతి రుమాలుతో తుడిచి, "ఇది పరీక్ష అమరికలో పొరపాటు అయి ఉంటుంది" అంటూ తన సంచిలో వేసుకున్నాడు. మూడు వారాలకు నివేదిక వచ్చింది. అందులో పరీక్షించిన నమూనాల సంఖ్య పదకొండు అని ఉన్నది.

నేను ఆ రోజే లేచి ఉండవలసింది. లేవలేదు, ఎందుకంటే అప్పటికే సిరంజిలు నింపే లైనుకు బయానా కట్టేశాము, మా పెట్టుబడిదారులకు తేదీ చెప్పేశాము, వేరే పరికరానికి మారితే మందు నిల్వలో చెడకుండా ఉంటుందా అని చూసే స్థిరత్వ పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఏడాదిన్నర తరువాత అదే లోపం పెద్ద బ్యాచిలో బయటపడింది. అప్పుడు వాళ్లు మీ మందు చిక్కనిది అన్నారు, మేము మీ స్ప్రింగు పలచనిది అన్నాము. ఎవరి మాట నిజమో తేల్చే ఆధారం ఆ తొమ్మిదో ఇంజెక్టర్. అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

కాబట్టి నేను ఇప్పుడు భాగస్వామిని ఎంచుకునేటప్పుడు వాళ్ల కర్మాగారం, జాబితాలు, పతకాలు తరువాత చూస్తాను. మొదట డబ్బిచ్చి ఒక చిన్న పని చేయిస్తాను, నాలుగైదు నెలలది, అందులో ఏదో ఒకటి విఫలం కాక తప్పనిది. విఫలమైన రోజున ఫోను ఎవరు చేస్తారో చూస్తాను.

సంతకం_ముందు రాశారు:

రెండోసారి గారి అనుభవానికి ఒప్పందాల వైపు నుంచి కొంత జోడిస్తాను. నేను ఇరవై ఏళ్లుగా లైసెన్సు ఒప్పందాలు రాస్తున్నాను. అందరూ రాయల్టీ శాతం దగ్గర రాత్రుళ్లు మేల్కొంటారు. విడిపోయేటప్పుడు ఏమి ఎవరికి దక్కుతుందన్న నిబంధన మాత్రం చివరి రోజు సాయంత్రం నిద్రమత్తులో ముగిసిపోతుంది.

అమ్మకపు సంస్థకు సర్వహక్కులు ఇవ్వడం గురించి అందరికీ తెలిసిన ఉదాహరణలే చూడండి. పీల్చే ఇన్సులిన్ ఎక్సుబెరాకు 2006 జనవరిలో అమెరికాలో ఆమోదం వచ్చింది. పీల్చే సాంకేతికత నెక్టార్‌ది, అమ్మకం ఫైజర్‌ది. పరికరం పెద్దది, వాడకం తికమకగా ఉండేది. మోతాదు వైద్యులకు అలవాటైన యూనిట్లలో కాక మిల్లీగ్రాములలో ఉండేది, పైగా 1 మిల్లీగ్రాము పొట్లాలు మూడు పీలిస్తే 3 మిల్లీగ్రాముల పొట్లం ఒకటి పీల్చినదానికంటే ఎక్కువ ఇన్సులిన్ ఒంటిలోకి చేరేది. 2007 అక్టోబరులో ఫైజర్ దానిని వదిలేసి, 280 కోట్ల డాలర్ల నష్టాన్ని ఖాతాలో రాసుకున్నది. అంత పెద్ద సంస్థ తట్టుకుని నిలబడింది. ఆ ఉత్పత్తి మీద ఆశలు పెట్టుకున్న చిన్న భాగస్వామి పరిస్థితి వేరు.

తరువాత అదే దారిలో మ్యాన్‌కైండ్ సంస్థ అఫ్రెజా తెచ్చింది. 2014 జూన్‌లో ఆమోదం, ఆగస్టులో సనోఫీతో ఒప్పందం, లాభనష్టాలు సనోఫీకి 65, మ్యాన్‌కైండ్‌కు 35 శాతం. 2016 జనవరిలో సనోఫీ తప్పుకుంది. మ్యాన్‌కైండ్ హక్కులు వెనక్కు తీసుకుని తానే అమ్మడం మొదలుపెట్టింది, ఆ మందు ఇప్పటికీ ఉన్నది. తీవ్రమైన ఎలర్జీకి వాడే ఎపినెఫ్రిన్ ఇంజెక్టర్ ఆవీ-క్యూ కథ కూడా ఇలాంటిదే: మోతాదు సరిగా వెలువడకపోవచ్చన్న కారణంతో 2015 అక్టోబరులో సనోఫీ దానిని మొత్తంగా వెనక్కు తీసుకుంది, తరువాత హక్కులు రూపకర్తలైన కాలియో చేతికి తిరిగి వచ్చాయి, 2017లో వాళ్లు దానిని మళ్లీ విడుదల చేశారు.

చివరి రెండు ఉత్పత్తులూ బతికి బట్టకట్టినది వెనక్కు వచ్చే దారి ఉండడం వల్ల. సీసాలోమందు గారూ, మీ మూడో సంస్థ పరికరాన్ని కూడా తానే చూసుకుంటానంటున్నది. అంటే రేపు వాళ్లు తప్పుకుంటే మీకు మీ మందు తిరిగి వస్తుంది, ఇంజెక్టర్ రాదు. డిజైన్ చరిత్ర ఫైలు, ప్లాస్టిక్ భాగాలు పోసే అచ్చుల యాజమాన్యం, మనుషులు వాడి చూసిన పరీక్షల నివేదికలు, దస్త్రాలగది గారు చెప్పిన అనుమతి లేఖ, ఇవన్నీ ఎవరి పేరుతో ఉంటాయో ముసాయిదాలో వెతకండి. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లు ఉంటారని తెలిసిందే. ఇక్కడ తెప్ప కూడా వాళ్లదే.

పెట్టుబడివైపు రాశారు:

అందరూ ఒకే వైపు లాగుతున్నారు కాబట్టి నేను రెండో వైపు చెబుతాను. చిన్న సంస్థలు చెడ్డ భాగస్వామి వల్ల చచ్చిపోయిన సందర్భాలు నేను చూశాను. మంచి భాగస్వామి కోసం వెతుకుతూ చేతిలో డబ్బు అయిపోయి చచ్చిపోయినవి అంతకంటే ఎక్కువ చూశాను. ఆటో ఇంజెక్టర్ అంటే అచ్చులు, అసెంబ్లీ యంత్రాలు, నింపే లైను, వాడుక పరీక్షలు. నలుగురి సంస్థ సొంత డబ్బుతో అది ఎలా లాగుతుంది? మూడో సంస్థను తలుపు దగ్గరే తోసేయడం తేలిక, దాని స్థానంలో ఇంకొకరు తలుపు తట్టకపోతే?

నేనైతే వాళ్లతో మాట్లాడుతూనే, హక్కులను ప్రాంతాలవారీగా విడగొడతాను, గడువులోగా ఫలానా పని చేయకపోతే హక్కు రద్దవుతుందని రాయిస్తాను, పరికరం ఎంపిక మాత్రం నా చేతిలో ఉంచుకుంటాను. మొదటి సంస్థ పరికరం, మూడో సంస్థ డబ్బు. ఎందుకు కుదరదు?

సంతకం_ముందు రాశారు:

కుదురుతుంది. కాకపోతే అప్పుడు ముగ్గురు కూర్చునే బల్ల అవుతుంది, మొదటి సంస్థతో పరికరం ఒప్పందం ముందు కుదరాలి. వరుస మారితే మూడో సంస్థ న్యాయవాదులే మొదటి సంస్థతో కూడా మాట్లాడతారు, మీరు పక్కన కూర్చుని వింటారు.

బ్యాచ్‌రికార్డు రాశారు:

ఆలస్యంగా వచ్చాను. నాణ్యతా విభాగంలో పనిచేస్తాను కాబట్టి మీకు కాస్త చాదస్తంగా అనిపించవచ్చు.

మందులవాళ్లు, పరికరాలవాళ్లు ఒకే మాటలు వాడుతూ వేర్వేరు సంగతులు మాట్లాడుకుంటారు. "వాలిడేషన్ అయిపోయింది" అని మేమంటే తయారీ ప్రక్రియ ప్రతిసారీ ఒకే ఫలితం ఇస్తుందని నిరూపించామని అర్థం. వాళ్లంటే డిజైన్ వాడేవారి అవసరాన్ని తీరుస్తుందని తేలిందని అర్థం. ఒక ప్రాజెక్టులో రెండు పక్షాలూ ఈ ఒక్క మాట మీద రెండు నెలలు తల ఊపుకుంటూ కూర్చున్నాయి. చివరికి ఒక కుర్ర ఉద్యోగి లేచి "అయితే దీనిని రోగులు వాడి చూశారా, లేదా?" అని అడిగితే ఎవరూ చూడలేదని తేలింది. మీ భాగస్వామితో మొదటి నెలలోనే మాటల పట్టిక ఒకటి రాసుకోండి.

అసలు చెప్పదలచుకున్నది మార్పుల గురించి. చిన్న మార్పు ఎక్కడికి దారి తీస్తుందో ఎప్రెక్స్ ఉదంతం చదివితే తెలుస్తుంది. రక్తహీనతకు ఇచ్చే ఆ ఎపోయెటిన్ మందులో 1998లో ప్రోటీన్ చెడకుండా నిలిపే మానవ ఆల్బుమిన్ తీసేసి, అదే పనికి పాలిసార్బేట్ 80 చేర్చారు. ఆ తరువాతి సంవత్సరాలలో కొందరు కిడ్నీ రోగులలో శరీరం ఎర్ర రక్తకణాలను పుట్టించే తన సొంత హార్మోను ఎరిత్రోపోయెటిన్ మీదనే ప్రతిరక్షకాలు తయారుచేసుకుని, ఎర్ర రక్తకణాల ఉత్పత్తి దాదాపు ఆగిపోయే స్థితి కనిపించింది. రక్తహీనతకు మందు వేస్తే ఉన్న రక్తమే తగ్గింది, కొండనాలుక సామెత అక్షరాలా జరిగినట్టు. కారణం మీద శాస్త్రవేత్తలు ఒక్క మాటకు రాలేదు. కానీ ముఖ్యమైన వివరణలలో ఒకటి, కొత్తగా చేర్చిన పాలిసార్బేట్ పూత లేని రబ్బరు బిరడా నుంచి కొన్ని పదార్థాలను లాగిందన్నది. తరువాత పూత వేసిన బిరడాలకు మారారు. మార్చినది మందు కూర్పు. అనుమానం పోయినది రబ్బరు మీదికి. ఈ రెండూ వేర్వేరు సంస్థల చేతుల్లో ఉన్నప్పుడు ఆ కబురు ఎవరు ఎవరికి, ఎన్ని రోజుల్లో చెప్పాలి? నాణ్యత బాధ్యతలు ఎవరివో రాసుకునే క్వాలిటీ అగ్రిమెంట్‌లో నేను మొదట చదివేది ఆ పేరానే.

అక్కడ మూడు రకాల రాతలు కనిపిస్తాయి. "ముఖ్యమైన మార్పులు తెలియజేయబడును" అని ఒకటి, ఏది ముఖ్యమో వాళ్లే తేల్చుకుంటారు కాబట్టి దానికి విలువ లేదు. ఏ మార్పైనా మా అనుమతి లేకుండా చేయరాదని ఇంకొకటి, చదవడానికి బాగుంటుంది, కానీ అదే నమూనాను పదిమంది ఖాతాదారులకు అమ్మే సంస్థ దానికి ఒప్పుకోదు, ఒప్పుకుంటే అబద్ధమాడుతున్నట్టే. నాకు పనికివచ్చేది మూడోది: ముడి ప్లాస్టిక్, నూనె, స్ప్రింగు తీగ, అచ్చు, తయారీ స్థలం, స్టెరిలైజేషన్ అంటూ పేరుపేరునా రాసి, ఒక్కొక్కదానికి ఎన్ని నెలల ముందు చెప్పాలో, పాత రకం ఎంత నిల్వ పెట్టుకోనివ్వాలో రాసినది. అది రాయడానికి కూర్చున్నప్పుడే, అవతలివాళ్ల స్ప్రింగు తీగ ఎక్కడినుంచి వస్తుందో వాళ్లకే తెలుసో లేదో బయటపడుతుంది.

ఫిర్యాదుల సంగతి కూడా. ఇంజెక్టర్ పనిచేయలేదని రోగి ఫోను చేస్తే అది మందుల ఫోనుకు వస్తుంది, విరిగిన ముక్క పరికరంవాళ్లకు కావాలి. మందుకు, పరికరానికి వేర్వేరు సంస్థలు విడిగా ఆమోదం పొందిన చోట, మరణం, తీవ్రమైన గాయం వంటి సమాచారాన్ని ఒకరికొకరు 5 రోజుల్లోగా చెప్పుకోవాలని అమెరికా నిబంధన ఉన్నది. మీరు ఒక్కరే దరఖాస్తుదారు అయితే నివేదికల భారమంతా మీ నెత్తినే ఉంటుంది, భాగస్వామి పరీక్షించి చెప్పేదాకా మీ గడియారం ఆగదు.

వార్డునుంచి రాశారు:

నేను నర్సును, ఒప్పందాలు నాకు తెలియవు. కీళ్లు వాచినవాళ్లకు రోజూ ఇంజెక్టర్ వాడడం నేర్పిస్తాను. మూత లాగడమే వాళ్లకు అసలు కష్టం, సూది కాదు. కొందరు పళ్లతో లాగుతారు. ఇంకొందరు మొదటి టిక్కు వినగానే అయిపోయిందనుకుని చేయి తీసేస్తారు, చొక్కా మీద మందు కారుతుంది. మీ ముగ్గురు భాగస్వాములలో ఎవరైనా ఇలాంటివాళ్ల చేతికి నమూనా ఇచ్చి, నోరు మెదపకుండా పక్కన కూర్చుని చూశారా?

దస్త్రాలగది రాశారు:

చాలా మంచి ప్రశ్న. తుది వాడుక పరీక్షలో ఒక్కో రకం వాడకందారుల నుంచి కనీసం 15 మందిని తీసుకోవాలని ఎఫ్‌డీఏ మార్గదర్శకం సూచిస్తుంది. కానీ అది చివరి పరీక్ష. అక్కడ మూత సమస్య బయటపడితే అచ్చులు మార్చాలి, అచ్చులు మారితే మరెన్నో మారతాయి. అయిదుగురితోనైనా సరే, తొలి నమూనా మీదే చూడాలి.

సీసాలోమందు రాశారు:

ఆరు వారాల తరువాత తిరిగి వస్తున్నాను, క్షమించండి. 5 డిగ్రీల వద్ద చిక్కదనం 27 సెంటీపాయిజ్ వచ్చింది. స్ప్రింగు_లెక్క గారికి కృతజ్ఞతలు; ఈ ఒక్క అంకె మా సంభాషణలన్నిటినీ మార్చింది.

బ్యాచ్‌రికార్డు గారు చెప్పిన తరువాత మేము ముగ్గురికీ ఒకే ప్రశ్న రాసి పంపాము: మీ పరికరంలో చివరిసారి ఏ భాగం మారింది, ఆ సంగతి ఖాతాదారులకు ఎన్ని రోజుల ముందు చెప్పారు? పెద్ద సంస్థ నుంచి పలకరింపు కూడా లేని ఆరు పేజీల కాగితం వచ్చింది. ఒక ప్లాస్టిక్ రకం మారిన వైనం, పదకొండు నెలల ముందు పంపిన కబురు, దానిమీద ఒక ఖాతాదారు పెట్టిన అభ్యంతరం, ఆ అభ్యంతరం వల్ల తాము చేసిన అదనపు పరీక్ష, అన్నీ తేదీలతో ఉన్నాయి. చిన్న బృందం మాత్రం తాము ఇంతవరకు ఏ ఇంజెక్టర్‌నూ పెద్ద ఎత్తున తయారీకి చేర్చలేదని, అచ్చుల పని బయట ఇస్తారని దాపరికం లేకుండా రాశారు. నిజాయితీకి ముచ్చటేసింది, కానీ ఆ జవాబుతోనే వాళ్లకు ఇంజెక్టర్ అప్పగించే ఆలోచన మానుకున్నాము. మా తరఫున పెద్ద సంస్థ డిజైన్ కాగితాలు చదివి పెట్టడానికి వాళ్లను విడిగా నియమించుకోబోతున్నాము. మూడో సంస్థ "అవన్నీ మా సాంకేతిక బృందం చూసుకుంటుంది" అన్నది. పది రోజుల తరువాత మళ్లీ అడిగితే, హక్కుల మీద ఒప్పుకుంటే ఆ బృందాన్ని పరిచయం చేస్తామన్నారు.

పెట్టుబడివైపు గారి మాట కూడా కొట్టిపారేయలేదు. ఒకటి రెండు ప్రాంతాల హక్కుల వరకు మూడో సంస్థతో మాటలు నడుస్తున్నాయి, మాలో లెక్కలు చూసేవారు ఇప్పటికీ నామీద కోపంగానే ఉన్నారు.

పెద్ద సంస్థతో అయిదు నెలల సాధ్యాసాధ్య పరీక్షకు ఒప్పుకున్నాము. వాళ్లు 200 సిరంజిల మందు అడుగుతున్నారు. మా దగ్గర అంత మందు పుట్టడం కష్టం. ఎలా సర్దుబాటు చేయాలి?

స్ప్రింగు_లెక్క రాశారు:

27 అంటే గాభరా పడనక్కరలేదు, కానీ వాళ్ల మామూలు స్ప్రింగుతో అవుతుందో లేదో ముందే అడగండి. స్ప్రింగు, సూది, వేగం పరీక్షలకు అసలు మందు అక్కరలేదు. చలిలోనూ వెచ్చదనంలోనూ మీ మందుకు సరితూగే చిక్కదనం ఉన్న మందు లేని ద్రావణం చాలు. అసలు మందును నిల్వ పరీక్షలకూ, సిలికాన్ నూనెతో ప్రోటీన్ ఎలా ఉంటుందో చూసే పరీక్షలకూ దాచండి. ఆ లెక్కన 60 సిరంజిలతో సరిపెట్టవచ్చు, వాటిలో 20 మీ ఫ్రిజ్‌లోనే ఉండాలి.

రెండోసారి రాశారు:

మిగిలిన 40కి మీరే నంబర్లు వేసి పంపండి. పేలినవి, ఆగిపోయినవి, పగిలినవి అన్నీ ఆ నంబర్లతోనే తిరిగి రావాలని పరీక్ష ప్రణాళికలో రాయించండి.